ఆన్‌లైన్‌లో డీ అండ్ డీ ఆడుతున్నాం, కానీ బ్రేక్‌లో ఉన్న మాట ఆటలో ఉండటం లేదు

కాకినాడ_కాజా

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మేం ఐదుగురం ఇంజినీరింగ్‌లో ఒకే హాస్టల్. ఇప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లో, ఒకడు బెంగళూరులో, ఒకడు డాలస్‌లో, ఒకడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్నాం. వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మాటల్లేని స్థితికి వచ్చేశాం. అది నాకు బాధగా ఉండేది. అందుకే జూన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టాను. నేనే డీఎం, మిగతా నలుగురూ ఆటగాళ్లు.

మూడు సెషన్లు జరిగాయి. నాలుగోది ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. టైం కుదరకపోవడం ఒక కారణం. కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఇంకోటి ఉంది. నేను గుహ గురించి, చీకటి గురించి ఇంగ్లిష్‌లో రాసుకున్నది చదువుతాను. వాళ్లు "ఐ అటాక్" అంటారు. పాచిక వేస్తారు. తర్వాత నిశ్శబ్దం. హాస్టల్లో తెల్లవారుజాము రెండింటిదాకా నోరు మూయని మనుషులం, సోమవారం ఆఫీసు కాల్‌లో కూర్చున్నట్టు కూర్చుంటున్నాం.

మధ్యలో పది నిమిషాలు టీ బ్రేక్ ఇస్తాను. అప్పుడు అందరూ తెలుగులోకి వచ్చేస్తారు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు, నవ్వుతారు, పాత సంగతులు తవ్వుతారు. "సరే, మొదలెడదామా" అనగానే మళ్లీ ఇంగ్లిష్, మళ్లీ నిశ్శబ్దం.

ఆ పది నిమిషాల్లో ఉన్న మాటను ఆటలోకి ఎలా తేవాలి? ఎవరైనా పూర్తిగా తెలుగులో ఆడుతున్నారా? ఆడుతుంటే ఎలా చేస్తున్నారో చెప్పండి.

పులస_సీజన్

అన్నా, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. ఈ ఆట ఏంటో రెండు ముక్కల్లో చెప్తారా? వీడియో గేమా, లేక లూడోలాంటిదా?

పాచికల_పిచ్చి

రెండూ కాదు తమ్ముడూ. ఒకరు కథ నడుపుతారు, ఆయన్నే డీఎం అనో గేమ్ మాస్టర్ అనో అంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుంటారు. డీఎం "నది పొంగుతోంది, వంతెన సగం కొట్టుకుపోయింది, ఏం చేస్తావు?" అని అడుగుతారు. "దూకుతాను" అని నువ్వంటావు. దూకగలిగావో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. పడిన సంఖ్యకు నీ పాత్ర సత్తా కలిపి, డీఎం పెట్టిన లెక్కను అందుకున్నా, దాటినా దూకినట్టు. ఆట మొత్తానికి మూలం ఇదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చారు. ముందు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడేవారు. ఇప్పుడు ఆ బల్ల బదులు డిస్కార్డ్ కాల్.

గెలుపూ ఓటమీ ఉండవు. ముందు కథ ఏమవుతుందో ఆడేవాళ్లకే కాదు, నడిపేవాళ్లకూ పూర్తిగా తెలియదు. నాకు ఈ ఆట మీద ప్రేమంతా అందుకే.

టెక్సాస్_తాటిముంజ

కాజా గారూ, ముందు టైం సంగతి తేల్చుకోండి. అది తేలకపోతే భాష గురించి మాట్లాడుకునేదాకా వెళ్లరు. మా గ్రూపు కూడా హైదరాబాద్, డాలస్, లండన్. రెండేళ్లు నానా అవస్థలు పడి కుదుర్చుకున్న పద్ధతి చెప్తాను.

శనివారం రాత్రి 8:30, ఇండియా టైం. డాలస్‌లో అప్పుడు శనివారం పొద్దున, ఎండాకాలంలో 10, చలికాలంలో 9. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 4 లేదా 3. ఎవరికీ అర్ధరాత్రి కాదు. మొదట్లో మేం డాలస్ టైం పట్టుకుని వేలాడాం. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. ఇంగ్లండ్‌లో మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాలు. అంటే ఏడాదిలో కొన్ని వారాలు ఒక దేశం మారి ఇంకోటి మారదు. ఆ వారాల్లోనే మా సెషన్లు పోయేవి. ఒకరు గంట ముందొచ్చి ఎదురుచూసి వెళ్లిపోయేవారు. ఇండియా గడియారం కదలదు కాబట్టి దాన్ని గుంజలా పాతేసుకుని మిగతావాళ్లం దాని చుట్టూ తిరుగుతున్నాం.

ఇంకో మాట. నలుగురిలో ముగ్గురొస్తే ఆట జరగాల్సిందే అని ముందే ఒప్పుకోండి. రాని మనిషి పాత్ర ఊళ్లో జ్వరంతో పడుకుందనుకోండి. అందరూ వస్తేనే ఆడదాం అనుకున్న గ్రూపులు నాకు తెలిసి నాలుగు ఆగిపోయాయి.

ఉద్దానం_కొబ్బరి

టూల్స్ గురించి నేను రాస్తాను, ఆ పని రోజూ చేస్తున్నవాడిని.

మీరు ఏం వాడుతున్నారో చెప్పలేదు గానీ, చాలామంది చేసే పొరపాటు మొదటి వారమే ఫౌండ్రీ లాంటి ఆన్‌లైన్ ఆటబల్ల సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం. అది మంచిదే. ఒకసారి కొంటే చాలు, కొనాల్సింది కూడా డీఎం ఒక్కరే, మిగతావాళ్లు బ్రౌజర్‌లో వచ్చి ఆడుకోవచ్చు. కానీ మీ ఇంటి కంప్యూటర్ మీదే నడపాలంటే బయటివాళ్లు మీ ఇంటి కనెక్షన్‌లోకి రాగలగాలి. మన దగ్గర చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి చేరుకోగల ఇంటర్నెట్ అడ్రసు, ఉండదు, వందల ఇళ్లు ఒకే అడ్రసు వెనక ఉంటాయి. రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా పని జరగదు. నేను ఒక ఆదివారమంతా దాంతోనే గడిపాను. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు మాట్లాడారు. చివరికి నెలకింత అని కట్టి బయటి సర్వర్‌లో పెట్టుకున్నాను.

మొదటి మూడు నెలలు అవేవీ వద్దు. మాటకు డిస్కార్డ్. మ్యాప్ కావాలంటే ఔల్‌బేర్ రోడియో అనే సైటు, ఫోన్‌లో కూడా తేలిగ్గా తెరుచుకుంటుంది. పాత్రల కాగితాలు గూగుల్ షీట్‌లో. రోల్20 అనే ఆటబల్ల సైటు కూడా ఉచితంగా దొరుకుతుంది, 2012 నుంచి ఉంది, కానీ ఫోన్‌లో ఆడేవాళ్లకు ఇబ్బంది.

అందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, ఇందులో మినహాయింపు లేదు. ఒక్కరు స్పీకర్ మీద ఉన్నా అందరి గొంతూ తిరిగొస్తుంది. తెలుగులో మనం ఎదుటివాళ్లు ముగించకముందే అందుకుంటాం కదా, ఆ అందుకోవడంలోనే ఆప్యాయత ఉంటుంది. ఎకో ఉంటే అది మొదట చచ్చిపోతుంది. మీ నిశ్శబ్దానికి ఇదీ ఒక కారణమేమో చూసుకోండి.

కృష్ణాతీరం

కాజా గారూ, మీ పోస్టులో బ్రేక్ గురించి రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. ఐదేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. అప్పటి నుంచి ప్రతి రెండు వారాలకూ పూర్తిగా తెలుగులో ఆట నడుపుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

నాకు మొదట తెలిసొచ్చింది సర్వనామాల దగ్గర. ఇంగ్లిష్‌లో రాజునూ, బంటునూ, దొంగనూ ఒకే మాటతో పిలవొచ్చు. తెలుగులో ఆ వీలు లేదు. పాత్ర నోరు తెరవగానే నువ్వా, మీరా, తమరా, ఏరా, ఏమోయా అన్నది తేల్చుకోవాలి. తేల్చుకోగానే ఇద్దరి మధ్య సంబంధం వచ్చేస్తుంది. నేను వర్ణించక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మా కథ మోటుపల్లి రేవులో జరుగుతుంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం వీరభద్రాలయంలో ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోను, భయపడకండి అని విదేశీ వర్తకులకు మాటిస్తాడు. ఆ సుంకం 30లో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు అన్నీ ఆ లెక్కల్లో కనిపిస్తాయి. ఒక ఆటకు ఇంతకన్నా ఏం కావాలి? తుఫాను రాత్రి ఓడ పగిలింది. రాజు మాట రాతి మీద ఉంది. కానీ ఓరుగల్లు చాలా దూరం, ఊరి పెద్ద మనుషులు అప్పటికే పెట్టెలు మోసుకుపోతున్నారు. మా ఆటగాళ్లు నలుగురు: ఒక పడవవాడు, ఒక వైద్యురాలు, సైన్యం వదిలొచ్చిన ఒకడు, వర్తకుడి లెక్కలు రాసే ఒక కుర్రాడు.

రేవులో సుంకరి ఉన్నాడు. ఆ పాత్ర నాదే. ఓడ నుంచి బతికి బయటపడ్డవాళ్లను వరసగా నిలబెట్టి ప్రశ్నలు అడుగుతున్నాడు. "ఏమోయ్, నీ పేరేంటి? ఏమోయ్, నువ్వెక్కడివాడివి?" చివర్లో చిరిగిన బట్టల్లో ఓడపని చేసే పిల్లాడు ఒకడున్నాడు. వాడి దగ్గరికొచ్చి సుంకరి "తమరు కూర్చోండి" అన్నాడు. నేను అంతే అని ఆగిపోయాను.

రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వైద్యురాలి పాత్ర వేసే అమ్మాయి "ఆగండి, ఆగండి. వీణ్ని తమరు అన్నాడేంటి?" అంది. అప్పుడు బయటపడింది, వాడు పిల్లాడు కాదు, వర్తకుడి కూతురు మగవేషంలో ఉంది, ఆ సంగతి సుంకరికి ముందే తెలుసు. పాచిక వెయ్యలేదు. తెలుగు వచ్చిన చెవి పట్టుకుంది.

రెండోది మనం, మేము. ఒకసారి సైనికుడి పాత్ర, వాళ్లకు దారి చూపిస్తున్న మనిషితో "మేం రేపు పడవలో బయల్దేరతాం" అన్నాడు. వాడూ వీళ్లతో పాటే వస్తున్నాడు. కాబట్టి మనం అని ఉండాల్సింది. నేను వెంటనే "మేమా, మనమా?" అని అడిగాను. అతను తడబడ్డాడు. ఆ దారి చూపే మనిషి అదంతా విన్నాడు. మూడు సెషన్ల తర్వాత వాడు వీళ్లను వదిలి వెళ్లిపోవడానికి బీజం ఆ ఒక్క మాటే.

కాబట్టి నా సలహా: మీరు రాసుకున్నది చదవడం మానేయండి. పాత్రల చేత మాట్లాడించండి. గుహను వర్ణించే ముందు గుహ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి.

ఓరుగల్లు_పిల్లగాడు

అక్కా, మస్తు రాసిన్రు. ఆ తమరు దగ్గర నాకు నిజంగానే ఒళ్లు జలదరించింది.

కానీ కాజా అన్నకు ఒకటి చెప్పాలె. తెలుగులో ఆడాలంటే కాకతీయుల కథే పెట్టాలని ఏం లేదు. నేను ఓరుగల్లు వాణ్నే, రోజూ ఆ తోరణాల ముందటి నుంచే పోతా, అయినా నాకు డ్రాగన్ కావాలె. మా దోస్తుల ఆటల ఎల్ఫ్ అనే, వందల ఏండ్లు బతికే జాతోడు ఉన్నడు, మరుగుజ్జు కంసాలి ఉన్నడు, అందరూ మా ఊరి లెక్కనే మాట్లాడతరు. ఎల్ఫ్‌కు మూడు వందల ఏండ్లు, అందుకే అందర్నీ "బిడ్డా" అంటడు. కథ ఏ దేశంలదైనా గొంతు మనదైతే సరిపోతది.

మీ దోస్తులకు ఏం ఇష్టమో అది ఉంచున్రి. భాష ఒక్కటి మార్చున్రి.

కృష్ణాతీరం

నిజమే తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. నాకు మోటుపల్లి మీద మమకారం, అందుకే అది చెప్పాను. ఒకేసారి కథా, భాషా రెండూ మారిస్తే గ్రూపు బెదిరిపోతుంది కూడా.

పాచికల_పిచ్చి

రూల్స్ మాటల సంగతి కూడా చూడాలి. ఇక్కడ చాలామందికి తెలియని మంచి విషయం ఒకటుంది. 2023 జనవరిలో డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని, ఎస్ఆర్‌డీ 5.1 అంటారు, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఎక్కణ్నుంచి తీసుకున్నామో చెప్తే చాలు, దాన్ని తెలుగులోకి తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, అందరికీ పంచొచ్చు. అనుమతి అడగక్కర్లేదు. అంటే మనం తెలుగు పాత్రకాగితం తయారుచేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

మేం చేసుకున్నది ఇది. ఆరు గుణాలు: బలం, చురుకు, దిటవు, తెలివి, ఎరుక, ఆకర్షణ. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే హిట్ పాయింట్లను "ప్రాణం" అంటాం. "నాకు ఏడు ప్రాణం ఉంది" అంటే వ్యాకరణం ఎలా ఉన్నా వినడానికి బాగుంటుంది. ఆపద నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికకు, అంటే సేవింగ్ త్రోకు, "కాచుకో" అంటాం. డీఎం "కాచుకో!" అని అరిస్తే చెయ్యి దానంతటదే పాచిక మీదకి పోతుంది. ఇంగ్లిష్ మాటకు ఆ ఊపు రాదు.

పరిస్థితి అనుకూలంగా ఉన్నప్పుడు వచ్చే అడ్వాంటేజ్‌ను మాత్రం ఇంగ్లిష్‌లోనే వదిలేశాం. దానికి రెండు 20 ముఖాల పాచికలు వేసి పెద్దది తీసుకోవాలి. 15 గానీ పైన గానీ పడాలంటే ఒక పాచికతో 30 శాతం అవకాశం, రెండు వేస్తే 51 శాతం. ఇంత తేడా తెచ్చే మాటకు సరైన తెలుగు దొరకలేదు. "పైచేయి" అనుకున్నాం, కానీ అది గెలిచాక అనే మాట.

టెక్సాస్_తాటిముంజ

"ఆకర్షణ" నాకు నచ్చలేదండీ. అందం అనుకుంటారు. మా గ్రూపులో కొత్తగా వచ్చినావిడ తన పాత్ర అందంగా లేదని చెప్పి ఆ గుణానికి తక్కువ పెట్టుకుంది. నిజానికి ఆవిడ పాత్ర ఊరంతటినీ మాటలతో ఒప్పించే పంచాయితీ పెద్ద. "వాక్కు" అంటే?

పాచికల_పిచ్చి

వాక్కు బాగుందండీ. మార్చేస్తున్నాను.

ఉద్దానం_కొబ్బరి

నాకు ఒకటి అభ్యంతరం ఉంది, సూటిగా చెప్తాను. యాసల గురించి.

నేను చేరిన మొదటి తెలుగు ఆటలో డీఎం గొప్పగా గొంతులు మార్చేవారు. రాజు, మంత్రి, పండితుడు అందరూ పుస్తకంలో తెలుగు మాట్లాడేవారు. దొంగ, తాగుబోతు, వంటవాడు వచ్చినప్పుడు మాత్రం మా శ్రీకాకుళం యాస. అందరూ నవ్వేవారు. మా అమ్మ మాట్లాడే భాష అది. మా ఇంట్లో చావు కబురు చెప్పింది ఆ భాషలోనే, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు దేవుడికి దణ్నం పెట్టింది ఆ భాషలోనే. మూడో సెషన్‌కి నేను వెళ్లలేదు. ఎందుకో కూడా వాళ్లకు చెప్పలేకపోయాను.

తెలుగులో ఆడేటప్పుడు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. మా యాస పెట్టాలనుకుంటే రాజుకు పెట్టండి. మంత్రాలు తెలిసిన ముసలావిడకు పెట్టండి. ఊరికే నవ్వు కోసం పెట్టకండి.

ఓరుగల్లు_పిల్లగాడు

కొబ్బరన్నా, నీ మాట అక్షరాలా నిజం. మాకూ ఇదే జరిగింది, విలన్ పక్కనున్నోడికే మా భాష ఇస్తరు. మా ఆటల ఎల్ఫ్ అట్ల మాట్లాడటానికి కారణమే అది. అందరికంటే పెద్దోడు, అందరికంటే చదువుకున్నోడు, అచ్చం మా తాత లెక్క మాట్లాడతడు.

నెమ్మది

నేను ఎక్కువ రాయను. కాజా గారి గ్రూపులో అందరికన్నా నిశ్శబ్దంగా ఉండే మనిషి ఎవరో నాకు తెలియదు, కానీ ప్రతి గ్రూపులో అలాంటి వాళ్లు ఒకరుంటారు. మా గ్రూపులో నేను.

ఒకే గదిలో ఉంటే నేను మాట్లాడబోతున్నానని మొహం చూసి తెలుస్తుంది. కాల్‌లో తెలియదు. నేను నోరు తెరిచేసరికి ఇంకొకరు అందుకుంటారు. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి నేను మ్యూట్ తీయను. ఇందాక కొబ్బరి గారు అన్నట్టు మాట అందుకోవడం ఆప్యాయతే. నాలాంటి వాళ్లకు మాత్రం తలుపు మూసుకున్నట్టుంటుంది.

మా డీఎం చేసిన రెండు పనులు నన్ను ఆటలో ఉంచాయి. ప్రతి సన్నివేశంలో ఒక్కసారైనా నన్ను పేరుపెట్టి పిలిచి అడుగుతారు, అదీ పాత్ర పేరుతో. "సూరమ్మా, నువ్వు ఏం చూస్తున్నావు?" అని. రెండోది, చాట్‌లో రాసినా మాట్లాడినట్టే లెక్క. నేను రాసింది ఆయన సూరమ్మ గొంతుతో చదువుతారు. ఇప్పుడు ఎక్కువగా నేనే మాట్లాడుతున్నాను.

కృష్ణాతీరం

నెమ్మది గారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. నేను కూడా ఇది నేర్చుకోవాలి.

దీనికి దగ్గరగా ఉన్న సంగతి ఇంకోటి. మొదటి ఆటకు ముందు ఒక సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. సెషన్ జీరో అంటారు. ఎలాంటి కథ కావాలి అన్నదానితో పాటు, ఏం వద్దు అన్నది కూడా అప్పుడే చెప్పుకోవాలి. స్నేహితులమే కదా, ఎందుకు అనుకుంటాం. నేను ఆటగత్తెగా ఉన్న ఒక గ్రూపులో, అందరూ నాకు బాగా తెలిసినవాళ్లే, రెండో సెషన్‌లోనే నా పాత్రను ఎత్తుకుపోయారు. మిగతా ముగ్గురూ విడిపించడానికి రావాలట. రెండు గంటలు నేను ఆ చెరలో కూర్చుని విన్నాను. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ముందు అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని.

మా గ్రూపులో ఇప్పుడు చాట్‌లో ఎవరైనా "ఆపు" అని రాస్తే అక్కడికి ఆపేసి వేరే దారిలో వెళ్తాం. కారణం అడగం. కులం పేరుతో అవమానం, ఆడవాళ్ల మీద హింస మా కథల్లో తెర మీదికి రావు. మోటుపల్లి కాలంలో అవి లేవని కాదు, ఆ బాధ మళ్లీ పడటానికి శనివారం రాత్రి కూర్చోలేదని.

కాకినాడ_కాజా

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అందరివీ నోట్ చేసుకున్నాను. ఒక సందేహం. మా వాళ్లు "నేను వెళ్తాను" అనరు, "మా వాడు వెళ్తాడు" అంటారు. తెలుగులో ఆడదాం అనగానే అది ఇంకా ఎక్కువైంది. నేను అనమని చెప్పాలా?

పాచికల_పిచ్చి

చెప్పకండి. "మా వాడు" అంటే సిగ్గు. కొన్నాళ్లకు అదే పోతుంది. మీరు మాత్రం అడిగేటప్పుడు ఎప్పుడూ "నువ్వు" అనండి. "మీ వాడు ఏం చేస్తాడు" అని మీరూ అంటే ఆ గోడ గట్టిపడుతుంది.

కృష్ణాతీరం

అవును. ఇంకోటి, రూల్స్ మరీ బరువుగా అనిపిస్తే ఒక్క సెషన్ రెండు మామూలు పాచికలతో ఆడి చూడండి, లూడో డబ్బాలోవి చాలు. 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ అనే ఆట నుంచి వచ్చిన పద్ధతి ఇది. మొత్తం 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 అయితే జరుగుతుంది, కానీ ఏదో ఒకటి పోగొట్టుకుంటారు. 6 గానీ తక్కువ గానీ అయితే కష్టం. ఆ మధ్యదే బంగారం. "తలుపు తెరుచుకుంది, కానీ..." అని నేను ఆగితే అందరూ ఊపిరి బిగబడతారు.

కాకినాడ_కాజా (మూడు వారాల తర్వాత)

చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

ఇండియా టైం శనివారం 8:30 ఖాయం చేసుకున్నాం. రెండున్నర గంటలే, ఎంత బాగా సాగుతున్నా 11కి ఆపేయాలి. డాలస్ వాడు మొదటిసారి రాలేకపోయాడు, అయినా ఆడాం. వాడి పాత్ర జ్వరంతో సత్రంలో పడుకుంది. రెండోసారి వాడొచ్చి "నాకు జ్వరం తగ్గిందిరా, గంజి ఎవరు కాచారు?" అని మొదలుపెట్టాడు. ఆ గంజి గురించే పావుగంట నడిచింది.

డ్రాగన్‌ను ఉంచాను. కానీ కృష్ణాతీరం గారు చెప్పినట్టు గుహ వర్ణన మొత్తం తీసేశాను. రెండు పేజీలు రాసుకున్నాను, చదవలేదు. వాళ్లు లోపలికి అడుగుపెట్టగానే చీకట్లోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. మా అమ్మమ్మ ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడాను.

"ఎవర్నాయనా అదీ? మీదే ఊరు? ఎవరి తాలూకా?"

కత్తులు తీస్తారనుకున్నాను. ఎవరూ తియ్యలేదు. బెంగళూరు వాడు, మూడు సెషన్లలోనూ "ఐ అటాక్" తప్ప ఇంకోటి అననివాడు, నెమ్మదిగా "మాది ఏటిగట్టు అండీ. కమ్మరి వెంకన్న గారి మనవణ్ని" అన్నాడు. వాడి పాత్రకు ఊరు లేదు, తాత లేడు. అప్పటికప్పుడు పుట్టించాడు. డ్రాగన్ ఊరుకుంటుందా? "వెంకన్న మనవడివా? అయితే మీ నాన్న ఆ రెండో వాడా, వరదల్లో పోయినవాడు?" అంది. వాడు "అవునండీ" అన్నాడు. గొంతు మారిపోయింది. ఆ తర్వాత మిగతావాళ్లనూ ఒక్కొక్కరినే అడిగింది. అందరికీ ఊళ్లొచ్చాయి, తాతలొచ్చారు, అమ్మ వైపు చుట్టాలొచ్చారు. ఇద్దరికి దూరపు చుట్టరికం కూడా తేలింది. గంటన్నర ఒక్క పాచికా వెయ్యలేదు.

మా బెంగళూరు వాడికి నాన్న లేరు. మేం హాస్టల్లో ఉన్నప్పుడే పోయారు. ఆ సంగతి మేం ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. నేను "వరదల్లో పోయినవాడు" అన్నాక ఆ సంగతి గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. సెషన్ అయ్యాక విడిగా ఫోన్ చేసి సారీ చెప్పాను. సెషన్ జీరో పెట్టుకోకపోవడం నా తప్పు. వాడు "లేదురా, ఉంచు. ఆ నాన్న గురించి ఇంకా అడిగించు దానిచేత" అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ ఆదివారం అందరం కూర్చుని ఏం వద్దో చెప్పుకుంటున్నాం.

నెమ్మది

ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీ స్నేహితుడికి నా నమస్కారం చెప్పండి.

ఉద్దానం_కొబ్బరి

కాజా గారూ, ఆ "ఎవరి తాలూకా" ఒక్క ముక్కకే మీకు వంద దణ్నాలు. మా ఊళ్లో బస్సు దిగిన ప్రతివాణ్నీ అడిగే మాట అది. డ్రాగన్ నోట వినడం ఇదే మొదటిసారి.

ఎకో పోయిందా?

కాకినాడ_కాజా

పోయింది అన్నా. లెస్టర్ వాడే స్పీకర్ మీద ఉన్నాడు, ఇయర్‌ఫోన్లు కొనిపించాం.

పులస_సీజన్

అన్నా, నేను మొదట్లో ఇదేం ఆట అని అడిగినవాణ్ని. మీ గ్రూపులో ఖాళీ లేదని అర్థమైంది. ఇక్కడ ఎవరైనా కొత్తవాళ్లను చేర్చుకుంటారా? నాది రాజమండ్రి, ఆదివారాలు ఖాళీ.

ఓరుగల్లు_పిల్లగాడు

రా తమ్మీ. ఆదివారం పొద్దున పది గంటలకు మాది. ఫోన్ సరిపోతది, ఇయర్‌ఫోన్లు మర్చిపోకు. నీ పాత్రది ఏ ఊరో ఆలోచించుకో, మా ఎల్ఫ్ తాత కూడా అడుగుతడు ఇప్పటి నుంచి.

కృష్ణాతీరం

కాజా గారూ, ఒకటి చెప్పండి. అంతా అడిగాక ఆ ముసలి డ్రాగన్ మీవాళ్లను ఇప్పుడు ఏమని పిలుస్తోంది?

కాకినాడ_కాజా

ముగ్గుర్ని "ఒరే" అంటోందండీ. లెస్టర్ వాణ్ని మాత్రం ఇంకా "మీరు" అంటోంది. ఎందుకో నేను చెప్పలేదు. రెండు రోజుల నుంచి వాట్సాప్ గ్రూపులో అదే అడుగుతున్నాడు. నిన్న రాత్రి వాడికి అక్కడ ఒంటిగంట, "ఒరే, నేనేం చేశానురా దానికి?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తున్నారు. శనివారం దాకా నేను నోరు విప్పను.